ఖాళీ ఛార్జర్ ఎంత తింటుంది? మీ ఇంట్లో ఊరికే పోయే కరెంటును మీరే కొలవండి

ఖమ్మంలో మా ఇంటి కరెంటు మీటరు మెట్ల కింద ఉంటుంది. పోయిన జనవరిలో ఒక రాత్రి పదకొండింటికి లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ అన్నీ ఆపేశాను. మూడు సెల్‌ఫోన్ ఛార్జర్లనూ బోర్డు నుంచి పీకేశాను. మీటరు ముందు స్టూలు వేసుకుని, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చున్నాను. మీటరు మీది ఎర్ర లైటు 28 సెకన్లకోసారి మెరుస్తూనే ఉంది. లోపలికెళ్ళి మూడు ఛార్జర్లనూ మళ్ళీ పెట్టి, స్విచ్చులు వేసి వచ్చాను. ఫోన్లేవీ తగిలించలేదు. మళ్ళీ 28 సెకన్లే.

ఛార్జర్ తీయలేదని ఇంట్లో పిల్లల్ని ఎన్నిసార్లు కోప్పడ్డామో లెక్కలేదు. ఆ మూడూ కలిసి ఒక్క సెకను తేడా కూడా తేలేదు. అలాగని ఇంట్లో వృథా లేదనుకోకండి, అది వేరే చోట ఉంది. అదెక్కడుందో మీ ఇంట్లో మీరే పట్టుకునే పద్ధతి ఇది. ఒక రాత్రి ఓ గంట సమయం, ఒక కాగితం, పెన్ను ఉంటే చాలు.

ముందుగా లెక్క

ఒక వాట్ ఖర్చయ్యే వస్తువును 24 గంటలూ వదిలేస్తే నెలకు 0.72 యూనిట్, ఏడాదికి 8.76 యూనిట్లు. ఈ ఒక్క అంకె గుర్తుంటే మిగతావన్నీ నోటి లెక్కలే. పది వాట్లయితే నెలకు ఏడు యూనిట్ల పైమాట.

ఈమధ్య ఫోన్లతో వచ్చిన మంచి ఛార్జర్, ఫోన్ తగిలించకుండా వదిలేస్తే, 0.1 వాట్ కూడా తీసుకోదు. పూర్తిగా 0.1 వాట్ అనుకున్నా ఏడాదికి 0.876 యూనిట్. 2000 వాట్ల గీజరు అరగంట వేస్తే ఒక యూనిట్. అంటే ఒక ఛార్జర్ ఏడాది పొడవునా ఊరికే తిన్నది గీజరు ఒక్క పూటలో తినేస్తుంది. ఫోన్ ఛార్జింగ్ కూడా పెద్ద ఖర్చేం కాదు. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో పట్టేది సుమారు 19 వాట్ అవర్లు, మధ్యలో వేడిగా పోయేది కలుపుకుని 25 అనుకుందాం. ఒక్క యూనిట్‌తో నలభై సార్లు నిండుతుంది.

మరి ఛార్జర్ మీద ఆ చెడ్డపేరు ఎందుకొచ్చింది? పాత ఛార్జర్ల వల్ల. ఇరవై ఏళ్ళ కిందటి అడాప్టర్ లోపల ఇనప రేకుల దిమ్మ, దాని చుట్టూ రాగి తీగ ఉండేవి. అవతల ఫోన్ ఉన్నా లేకపోయినా గోడ ప్లగ్గు వైపున్న తీగ చుట్టలో కరెంటు పారుతూనే ఉంటుంది. ఇనుము సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ అయస్కాంతమవుతూ వేడెక్కుతుంది. ఒకటి రెండు వాట్లు అలాగే పోయేవి. ఇప్పటి ఛార్జర్ పద్ధతే వేరు. 230 వోల్టుల ఏసీ కరెంటును డీసీగా మార్చి, సెకనుకు వేల సార్లు ముక్కలు చేసి, అగ్గిపెట్టె కన్నా చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపుతుంది. అవతల అడిగేవాళ్ళు లేకపోతే లోపలి చిప్ కునుకు తీస్తూ, మధ్యమధ్యలో మాత్రమే ఒక చిన్న విడత పంపుతుంది.

ఈ మార్పు దానంతటది రాలేదు. వాడకుండా ఉన్న ఏ వస్తువూ ఒక వాట్‌కు మించి తినకూడదని అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు చెందిన అలన్ మేయర్ 1998లో ప్రతిపాదించారు. మరుసటి ఏడాది అంతర్జాతీయ ఇంధన సంస్థ దాన్ని తలకెత్తుకుంది. 2008లో నోకియా, శాంసంగ్, సోనీ ఎరిక్సన్, మోటరోలా, ఎల్‌జీ కలిసి ఛార్జర్లకు నక్షత్రాల పట్టిక పెట్టాయి. ఖాళీగా 0.03 వాట్ లోపు తీసుకుంటే ఐదు నక్షత్రాలు, 0.5 దాటితే ఒక్కటీ లేదు. 2016లో అమెరికా, 2020లో ఐరోపా చిన్న ఛార్జర్లకు 0.1 వాట్ హద్దును చట్టంలోనే పెట్టాయి. అక్కడ అమ్మే నమూనాలే మన దగ్గరా అమ్ముతారు కాబట్టి ఆ మేలు మనకూ అందింది.

అడుగు 1: చేత్తో చూడండి, చదవండి

ఇంట్లో ప్లగ్గుకు ఉన్న అడాప్టర్లన్నీ ఒకసారి తిరిగి చూడండి. గంటసేపు ఏ పనీ లేకుండా ప్లగ్గులో ఉన్నదాన్ని పైనుంచి తాకండి. గోరువెచ్చగా ఉంటే తింటోందన్నమాట. చేతిలోకి తీసుకుంటే రాయిలా బరువుందా? చెవి దగ్గర పెడితే సన్నగా గుయ్‌మంటోందా? అయితే అది ఇనప దిమ్మ రకం. మా టీవీ వెనకాల అలాంటిదే ఒకటి దొరికింది. ఎప్పుడో వాడకం మానేసిన కార్డ్‌లెస్ ఫోన్‌ది. చలికాలమంతా ఒక బల్లి దాన్ని కరుచుకుని పడుకునేది. ఎందుకో చేయి పెట్టి చూస్తే గానీ తెలియలేదు.

తర్వాత అడాప్టర్ మీది చిన్న అక్షరాలు చదవండి. ఫోన్ కెమెరాతో పెద్దది చేసుకుంటే తేలిక. చిన్న గుండ్రంలో రోమన్ అంకె ఉంటే అది పొదుపు స్థాయి. ఆరు అని ఉంటే, సెల్‌ఫోన్ ఛార్జర్ లాంటి చిన్నదానికి ఖాళీగా 0.1 వాట్ హద్దు, ల్యాప్‌టాప్ అడాప్టర్ లాంటి పెద్దదానికి 0.21. ఐదు అయితే చిన్నవాటికి 0.3. నాలుగు అయితే 0.5. ఐదో ఆరో కనిపిస్తే, అది అసలు తయారీదారుది అయితే, దాన్ని మీ అనుమానితుల జాబితాలోంచి కొట్టేయండి.

బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉన్నాయో లేదో కూడా చూడండి. అది కరెంటు పొదుపుకు కాదు, భద్రతకు. అది లేని రోడ్డుపక్క ఛార్జర్‌ను ఖాళీగా ప్లగ్గులో వదలొద్దు. అక్కడ భయం బిల్లు గురించి కాదు, నిప్పు గురించి.

అడుగు 2: మీటరు ముందు కూర్చోండి

ఇదే అసలు పని. మీటరు సీలు ముట్టుకోవద్దు, మూత తీయొద్దు. చూడటమే మన పని.

ఎలక్ట్రానిక్ మీటరు ముందువైపు ఒక ఎర్ర లైటు ఉంటుంది. దాని దగ్గర్లోనే 3200 అనో 1600 అనో 6400 అనో ఒక అంకె, పక్కనే ఐఎంపీ అని రాసి ఉంటాయి. ఒక యూనిట్ కాలేలోపు ఆ లైటు అన్నిసార్లు మెరుస్తుందని అర్థం. మీటరును బట్టి ఆ అంకె మారుతుంది, మీది చూసి రాసుకోండి.

రెండు మెరుపుల మధ్య సెకన్లు లెక్కపెట్టండి. 36 లక్షలను ముందు మీటరు అంకెతో, తర్వాత ఆ సెకన్లతో భాగిస్తే వాట్లు వస్తాయి. 3200 మీటరుకైతే ఇంకా సులువు, 1125ను సెకన్లతో భాగిస్తే చాలు. మాకు 28 సెకన్లు వచ్చింది కాబట్టి 40 వాట్లు. ఇంట్లో ఎవరూ ఏదీ వాడని సమయంలో 40 వాట్లు! నెలకు దాదాపు 29 యూనిట్లు.

కొలిచే ముందు కొన్ని జాగ్రత్తలు. ఫ్రిజ్ ఆపాలి. తలుపు తీయకుండా ఉంచితే గంటసేపు ఆగినా లోపలి పాలకు, కూరలకు ఏమీ కాదు. గీజరు, మోటారు, వాటర్ ప్యూరిఫయర్ చూసుకోండి. ఇన్వర్టర్ ఉంటే, ఆ రోజు పొద్దుట్నుంచీ కరెంటు పోకుండా ఉన్న రాత్రినే ఎంచుకోండి. సాయంత్రం గంటసేపు పోయి వచ్చిందంటే బ్యాటరీ నిండుతూ వందల వాట్లు లాగుతుంది, లెక్కంతా తప్పుతుంది. పని అయ్యాక ఫ్రిజ్ స్విచ్ వేయడం మరిచిపోకండి. నేను మరిచిపోయి పడుకున్నాను, తెల్లారి పాలు విరిగిపోయాయి. అందుకే ఇప్పుడు ఫ్రిజ్ ఆపగానే దాని ప్లగ్గు దగ్గర ఇంటి తాళాలు పెడుతున్నాను.

ఒక్క మెరుపును నమ్మొద్దు. వరసగా ఐదు చూసి సగటు తీయండి.

అడుగు 3: ఒక్కొక్కటీ తీస్తూ మళ్ళీ లెక్కపెట్టండి

ఒక మనిషి లోపల, ఒక మనిషి మీటరు దగ్గర ఉండి ఫోన్లో మాట్లాడుకుంటే పావుగంట పని. మా ఆవిడ లోపల స్విచ్చులు తీస్తూ పేరు చెప్పింది, నేను సెకన్లు రాసుకున్నాను.

ఇన్వర్టర్ ప్లగ్గు స్విచ్ తీయగానే 28 కాస్తా 51 సెకన్లయింది. అంటే 40 వాట్లు 22కు పడ్డాయి, ఇన్వర్టర్ ఒక్కటే 18. సెట్‌టాప్ బాక్స్ తీస్తే 86 సెకన్లు, అది 9 వాట్లు. రిమోట్‌తో ఆపి ఎర్ర చుక్క వెలుగుతున్న బాక్స్ అది! చాలా సెట్‌టాప్ బాక్సులు రిమోట్‌తో ఆపితే టీవీకి బొమ్మ పంపడం మానేస్తాయంతే, లోపల దాదాపు అన్నీ పనిచేస్తూనే ఉంటాయి. వైఫై రౌటర్ తీస్తే 187 సెకన్లు, అది 7. పడకగదిలో ఏసీ స్టెబిలైజర్ తీశాక లైటు మెరవడం మానేసింది. ఏసీని రిమోట్‌తో ఆపినా స్టెబిలైజర్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ ఆగదు కదా, దసరా నుంచి అలాగే వెచ్చగా కూర్చుని ఉంది. దానికి సుమారు 4, మిగిలిన 2 ఆ బల్లి అడాప్టర్‌ది.

లైటు మెరవడం మానేసిందంటే ఇంట్లో ఏదీ తినడం లేదని కాదు. మీటరు కదలడానికి కొంత కనీస కరెంటు కావాలి. 5-30 ఆంపియర్లు, క్లాస్ 1 అని రాసి ఉన్న మీటరుకు ప్రమాణాల ప్రకారం అది 5 ఆంపియర్లలో 0.4 శాతం, అంటే 20 మిల్లీఆంపియర్లు, సుమారు నాలుగున్నర వాట్లు. అంతకన్నా తక్కువైతే మీటరు పట్టించుకోకపోవచ్చు. అందుకని చిన్నవాటిని కొలవాలంటే ఒక ఉపాయం ఉంది. ఒక 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు వేసి ఉంచండి. ముందు బల్బు ఒక్కదానికే ఎన్ని సెకన్లో చూడండి, 3200 మీటరుకు 125 దగ్గర రావాలి. తర్వాత అనుమానం ఉన్నదాన్ని కలపండి. 94కు తగ్గితే అది 3 వాట్లు తింటోంది. ఛార్జర్లను ఒక్కొక్కటిగా కాకుండా, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు నాలుగైదు కలిపి గుచ్చి చూడండి. అప్పటికీ తేడా రాకపోతే వాటి సంగతి ఇక వదిలేయవచ్చు.

అడుగు 4: ప్లగ్ మీటరు కొంటే, దాని పరిమితి తెలిసి కొనండి

గోడ ప్లగ్గుకూ వస్తువుకూ మధ్య పెట్టే వాట్ మీటర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. సెట్‌టాప్ బాక్స్, రౌటర్ లాంటివాటికి చక్కగా పనికొస్తాయి. ఒక వాట్ కన్నా తక్కువైతే చవక మీటర్లు సున్నా అని చూపిస్తాయి, లేకపోతే ఏదో ఒకటి చూపిస్తాయి. ఆ అంకెను పట్టుకుని ఏడాది లెక్క కట్టొద్దు.

ఇంకో పెద్ద పొరపాటు క్లాంప్ మీటరుతో జరుగుతుంది. తీగ చుట్టూ దాన్ని తగిలించి, ఆంపియర్లు చూసి, 230తో గుణించి ‘చూశారా, ఖాళీ ఛార్జర్ ఐదు వాట్లు తింటోంది’ అని చెప్పేవాళ్ళను చూశాను. పాపం వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, కొలత తప్పు. చాలా ఛార్జర్లలో కరెంటు లోపలికొచ్చే వైపు కెపాసిటర్ (కాసేపు కరెంటు దాచుకుని తిరిగిచ్చే భాగం) ఉంటుంది. 0.33 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను 230 వోల్టులకు కలిపితే దాదాపు 24 మిల్లీఆంపియర్లు పారుతుంది. గుణిస్తే ఐదున్నర వస్తుంది. కానీ ఆ కరెంటు వెళ్ళినట్టే వెళ్ళి వెనక్కి వచ్చేస్తుంది, ఖర్చయ్యేది దాదాపు ఏమీ ఉండదు. ఇంటి మీటరు నిజంగా ఖర్చయిన వాట్లకే యూనిట్లు కడుతుంది. కాబట్టి కొనే మీటరు పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా ఖర్చయ్యే వంతు ఎంతో చెప్పే అంకె) కూడా చూపించేదై ఉండాలి.

అడుగు 5: ఇంట్లో అన్నిటికన్నా పెద్ద బ్యాటరీ ఛార్జర్‌ను చూడండి

ఛార్జర్ అనగానే అందరూ ఫోన్ వైపు చూస్తారు. హాల్లో మూల టేబుల్ కింద ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో అసలు ఛార్జర్ అదే. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ అంటే 1800 వాట్ అవర్లు, ఒక ఫోన్ బ్యాటరీకి తొంభై రెట్లకు పైన. అది నిండాక కూడా దాన్ని నిండుగా ఉంచడానికి పదమూడున్నర వోల్టుల పైచిలుకు పెట్టి, సన్నగా కరెంటు పంపుతూనే ఉంటుంది. దానికి తోడు లోపలి ట్రాన్స్‌ఫార్మర్, ఫ్యాను, డిస్‌ప్లే.

దీన్ని ఆపేయండి అని నేను చెప్పను. లెడ్ యాసిడ్ బ్యాటరీ సగం నిండిన స్థితిలో రోజుల తరబడి ఉంటే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి బ్యాటరీ పోతుంది. నెలకు పన్నెండు పదమూడు యూనిట్లు మిగుల్చుకోబోయి వేల రూపాయల బ్యాటరీని పోగొట్టుకోవడం తెలివైన పని కాదు. చేయాల్సింది ఏమిటంటే, దాని ఖర్చును ఆరు నెలలకోసారి కొలిచి రాసుకోవడం. బ్యాటరీ ముసలిదయ్యే కొద్దీ నిండుగా నిలబడటానికి ఎక్కువ కరెంటు అడుగుతుంది. ఆ అదనపు కరెంటు లోపలి నీళ్ళను విడగొట్టి గాలిలో కలిపేస్తుంది. ఇదివరకు మూడు నెలలకోసారి పోసే డిస్టిల్డ్ వాటర్ ఇప్పుడు నెలకే పోయాల్సి వస్తోందా? బ్యాటరీ చేత్తో పట్టుకుంటే వెచ్చగా ఉందా? అయితే మీటరు లెక్క కూడా పెరిగి ఉంటుంది. ఆ మూడూ కలిసి కనిపిస్తే బ్యాటరీ మార్చే రోజు దగ్గర పడినట్టే.

పిల్లల దగ్గరికి వెళ్ళి నెలా రెండు నెలలు ఊళ్ళో ఉండనివాళ్ళు బ్యాటరీని పూర్తిగా నింపి, ఇన్వర్టర్ ఆపి, ఎలక్ట్రీషియన్ చేత బ్యాటరీ టెర్మినల్ తీయించి వెళ్ళవచ్చు. మెయిన్ ఒక్కటే ఆపేసి వెళ్తే ఇన్వర్టర్ కరెంటు పోయిందనుకుని బ్యాటరీ మీద నడుస్తుంది. తిరిగొచ్చేసరికి బ్యాటరీ చచ్చి ఉంటుంది.

అడుగు 6: ఏది తీయాలి, ఏది వదలాలి

సెట్‌టాప్ బాక్స్, టీవీలకు ఒకే స్విచ్ పెట్టుకుని, టీవీ చూడటం అయ్యాక గోడ దగ్గరే ఆపండి. మళ్ళీ వేసినప్పుడు బాక్స్ లేవడానికి రెండు నిమిషాలు పడుతుంది. మా అమ్మ దీనికి మొదట ఒప్పుకోలేదు, సీరియల్ మొదలైపోతుందని. ఇప్పుడు ఏడున్నర సీరియల్‌కు ఏడు ఇరవై ఐదుకే తనే స్విచ్ వేస్తుంది.

ఏసీ స్టెబిలైజర్‌ను వేసవి అయ్యాక దాని ఎంసీబీ దగ్గరే దించేయండి. వేసవిలో కూడా ఏసీని రిమోట్‌తో ఆపి, ఐదు నిమిషాలాగి స్విచ్ తీయండి.

దోమల బ్యాట్, ఛార్జింగ్ టార్చ్, ఎమర్జెన్సీ లైటు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. చవక రకాల్లో నిండగానే ఛార్జింగ్ ఆపే ఏర్పాటు ఉండదు. రాత్రంతా పెడితే లోపలి బ్యాటరీ ఉబ్బుతుంది, నాలుగు నెలల్లో మూలన పడేస్తాం. కరెంటు కన్నా ఆ నష్టమే పెద్దది. చాలావాటిలో ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఉండదు, ఒక కెపాసిటర్‌తోనే వోల్టేజీ తగ్గిస్తారు. అంటే లోపలి తీగలకు, గోడలో కరెంటుకు మధ్య అడ్డు ఏమీ లేదు. ప్లగ్గులో ఉండగా బ్యాట్ వాడొద్దు, విప్పొద్దు, పిల్లలకు అందనివ్వొద్దు. తీసిన వెంటనే దాని పిన్నులు ముట్టుకుంటే కూడా చురుక్కుమనవచ్చు. ఎన్ని గంటలు పెట్టాలో డబ్బా మీద చూసి, ఫోన్లో అలారం పెట్టుకుని తీసేయండి.

రౌటర్‌ను రాత్రి ఆపుకోవచ్చు, అయితే తలుపు కెమెరా దాని మీద నడుస్తుంటే వద్దు. ల్యాప్‌టాప్ అడాప్టర్ ఖాళీగా ఉంటే ఏమీ కాదు, నిద్రపుచ్చిన ల్యాప్‌టాప్‌ను తగిలించి వదిలితే కొన్ని వాట్లు పోతాయి. ఫోన్ ఛార్జర్‌కు మన బోర్డుల్లో ఎలాగూ స్విచ్ ఉంది, వేలు ఆడిస్తే సరిపోతుంది. ఉరుముల వానలో మాత్రం స్విచ్ చాలదు, ప్లగ్గు పీకేయాలి.

అడుగు 7: బిల్లు మీద ఎంత తేడా పడుతుందో చూసుకోండి

మేం సెట్‌టాప్ బాక్స్‌ను రోజుకు 19 గంటలు ఆపితే నెలకు 5 యూనిట్లు, స్టెబిలైజర్ దాదాపు 3, పాత అడాప్టర్ ఒకటిన్నర. మొత్తం తొమ్మిది యూనిట్ల చిల్లర మిగిలాయి. ఆంధ్రప్రదేశ్‌లో శ్లాబులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. 126 నుంచి 225 యూనిట్ల మధ్య ఉంటే యూనిట్‌కు 6 రూపాయల లెక్కన 54 రూపాయలు, ఆపై శ్లాబులో 8.75 లెక్కన దాదాపు 79.

తెలంగాణలో 2022 నుంచి ఉన్న రేట్ల ప్రకారం 200 దగ్గర ఒక గట్టు ఉంది. 100 దాటి 200 లోపయితే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. 200 దాటితే ఆ మొదటి 200 యూనిట్లకూ 5.10 చొప్పున, పైవాటికి 300 వరకు 7.70. సరిగ్గా 200 కాల్చిన ఇంటికి ఎనర్జీ ఛార్జీ 820 రూపాయలు. 201 కాల్చిన ఇంటికి 1027.70. ఒక్క యూనిట్ ఖరీదు రెండొందల పైన! మీ ఇల్లు నెలనెలా 205 దగ్గర తిరుగుతుంటే, ఆ తొమ్మిది యూనిట్లు తీసి 196కు దించితే 1058.50 కాస్తా 800.80 అవుతుంది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి సున్నా బిల్లు అందుకుంటున్న ఇళ్ళకైతే ఈ గట్టు ఇంకా ఎత్తు, 200 దాటిన నెల బిల్లు మొత్తం కట్టాలి. మీ శ్లాబు, రేటు మీ బిల్లు కాగితం మీదే ఉంటాయి, దాన్ని ముందు పెట్టుకుని లెక్క వేయండి.

ఇన్వర్టర్ బ్యాటరీ మార్చినప్పుడు, కొత్త ఏసీ, కెమెరాల్లాంటివి బిగించినప్పుడు మళ్ళీ ఒక రాత్రి కూర్చోండి. మేం మీటరు పక్కన గోడ మీద పెన్సిల్‌తో రాసిపెట్టుకున్నాం. పైన ‘జనవరి, 28 సెకన్లు’ అని ఉంది. దాని కింద ‘ఫిబ్రవరి, 45’.